రెప్పలో ఎర్రనూలు

మా అత్తగారు మధ్యాహ్నం పడుకుంటే కుడికన్ను నిద్రపోయేది, ఎడమకన్ను ఉద్యోగం చేసేది. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆ కన్ను అందరి కళ్ళలాగే మూతపడేది. తర్వాత ఎందుకలా అయిందో ఆవిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడ మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "ఆ డాక్టరు చేతులు పడిపోను, నా కన్ను ఇట్టా చేసిపోయాడు" అని చెప్పుకునేది. నేను పక్కనే రాట్నం దగ్గర కండెలు చుట్టుకుంటూ తల వంచుకునేదాన్ని. కొత్తకోడలు తల వంచుకుంటే ఎందుకని ఎవరడుగుతారు?

చల్లపల్లి దాటి కాలువగట్టు వెంట కొంత దూరం పోతే మా నేతపేట వచ్చేది. ఇంటికో మగ్గం. మా ఇంట్లో మా ఆయన మగ్గం గుంటలో కూర్చునేవాడు, నేను కండెలు చుట్టేదాన్ని, అత్తగారు పడుగు చూసుకునేది. మామగారు నేను రాకముందే పోయారు. తెగిన పోగు అతకడంలో మా అత్తగారిని మించినవాళ్ళు పేటలో లేరని ఆవిడ అంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు. వేళ్ళకి కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క మెలిక వేసిందంటే అతుకు ఎక్కడుందో బట్ట నేసినవాడికి కూడా దొరికేది కాదు. "వదులు పోగునీ, వదరు నోటినీ అట్టా వదిలెయ్యకూడదు" అనేది. మొదటి సగం నేత గురించి, రెండో సగం నా గురించి.

ఆవిడకి ఎడమకంటి పైరెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డుకి గుచ్చుకునేవి. ఆ జబ్బు మా వైపు చాలామందికి ఉండేది. పక్కింటావిడ మా అత్తగారికి వరసకి చెల్లెలు, నాకు చిన్నత్త. ఆవిడే చిన్న పట్కారుతో వెంట్రుకలు పీకిపెట్టేది. అయితే మా గోడమీదికి వాలిన మునగకొమ్మ కాయలు ఎవరివన్న తగువు వచ్చినప్పుడల్లా ఆ పట్కారు పని ఆగిపోయేది. మునగ ఏడాదికి రెండు కాపులు కాస్తుంది. కన్ను ఏడాది పొడుగునా గుచ్చుకుంటుంది. చివరికి చల్లపల్లి సత్రంలో ఎవరో కళ్ళ డాక్టరు వచ్చి దిగాడని, ఆపరేషన్లు చేస్తున్నాడని తెలిసి మా ఆయన వాళ్ళమ్మని బండి కట్టించి తీసుకెళ్ళాడు.

ఆ డాక్టరు మంచివాడే. రెప్పని కాస్త బయటికి తిప్పి కుట్లు వేశాడు. కుట్ల దారాల కొసలు పైకి తీసి నుదుటి మీద ప్లాస్టరుతో అంటించాడు. "వాపు తగ్గుతుంటే దారాలు వదులుగా అనిపిస్తాయి. కంగారుపడకండి. మా కాంపౌండరు వచ్చి తీసేస్తాడు. అందాకా చెయ్యి పెట్టకండి" అని చెప్పి ఆయన వేరే ఊరికి వెళ్ళిపోయాడు. మా అత్తగారు అందులో ఒక్క మాటే విన్నది: దారాలు వదులుగా ఉంటాయి.

నిజంగానే కొన్నాళ్ళకి వదులయ్యాయి. మా ఆయన నూలు కోసం చల్లపల్లి వెళ్ళిన రోజు చూసుకుని ఆవిడ నన్ను పిలిచింది.

"అద్దం పట్టుకో."

"అత్తయ్యా, డాక్టరుగారు చెయ్యి పెట్టద్దన్నారు కదండీ."

"డాక్టరు చదువుకున్నాడు. ఏనాడన్నా నేశాడా?"

ప్లాస్టరు ఊడదీసింది. కొసలు పొట్టిగా ఉన్నాయి, వేళ్ళకి చిక్కడం లేదు. మగ్గం దగ్గర అంచుకి వాడే ఎర్రనూలు ఉంది. అందులోంచి ఒక పోగు తెంపుకుంది. బూడిద మాత్రం వద్దని నేను కాళ్ళావేళ్ళా పడ్డాను. నా కాపరంలో ఆవిడ నా మాట విన్న మొదటి సందర్భం అదే. చేతులు కడుక్కుని వచ్చి, దారం కొసకి ఎర్రపోగు అతికి, రెప్పని పడుగులాగా బిగువు చూసుకుంటూ లాగి ముడివేసింది. "అమ్మా" అనలేదు. అద్దం పట్టుకున్న నేనే రెండుసార్లు అన్నాను.

"ఇప్పుడు కుదిరింది బిగువు" అంది. ఆ తర్వాత, "ఎవరికన్నా చెప్పావో, మీ ఆయన మీద ఒట్టే" అంది.

ఆ సాయంత్రానికే కన్ను వాచి నేరేడుపండులా అయింది. ఎర్రపోగు ఆ వాపులోకి కూరుకుపోయింది. కాంపౌండరు వచ్చి, పైకి కనిపించిన దారాలు కత్తిరించి, రెప్ప వాలకం చూసి నోరు మెదపకుండా సైకిలెక్కాడు. వాపు తగ్గింది. రెప్ప మాత్రం పైకి లాగిన చోటే ఉండిపోయింది. వెంట్రుకలు గుచ్చుకోవడం పోయింది, కన్ను మూయడమూ పోయింది.

అప్పటినుంచి మా ఇంట్లో కాలం మారిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ చాప వేసుకుని పడుకునేది. గురక వినిపించేది. ఎడమకన్ను మాత్రం బిళ్ళలా తెరిచి నన్నే చూస్తుండేది. నేను అటు జరిగితే అటు చూస్తున్నట్టుండేది, ఇటు జరిగితే ఇటు. అటకమీది బెల్లం ముక్క కోసం చెయ్యి చాపి, ఆ కన్ను చూసి, వెనక్కి తీసుకున్న రోజులు ఎన్నో. నిద్రపోతోందా మేలుకుందా తేల్చుకుందామని ఒకరోజు ధైర్యం చేసి ఆ కంటి ముందు వేలు ఆడించాను. గురక ఆగలేదు. హమ్మయ్య అనుకున్నాను.

"ఆ వేలు కండెలు చుట్టడానికి ఇచ్చాడు దేవుడు" అంది అత్తగారు. మళ్ళీ గురక.

మా ఆయనకి కూడా భయమే. మగ్గం గుంటలో కూర్చుని చుట్ట వెలిగించబోయి, ఆ కన్ను తనవైపే ఉందేమోనని చెవి మీద పెట్టుకుని నేతలో పడిపోయేవాడు. ఆ ఏడు మా ఇంట్లో చీరలు నిక్కచ్చిగా తయారయ్యాయి. యుద్ధం రోజులు, నూలు దొరక్క పేటలో సగం మగ్గాలు పడుకుంటే, దొరికిన నూలుని మేం ఆ ఒక్క కంటి కింద పోగు కూడా వృథా కాకుండా నేశాం.

ఆవిడకి మాత్రం సుఖం లేదు. కన్ను ఎండిపోయి మండేది. నిప్పులా ఎర్రగా ఉండేది. పడుకోబోయే ముందు ఆముదం చుక్క వేసుకునేది. మళ్ళీ ఆపరేషను మాట ఎత్తితే, "ఒకడు చేసింది చాలు" అనేది. అలా అన్నప్పుడు నావైపు చూసేది కాదు.

ఆవిడ మనసు మార్చింది పక్కింటి చిన్నత్త.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను ఇత్తడి బిందెతో కాలువకి వెళ్ళాను. మా ఆయన ఇంట్లో లేడు. చేట కావాలని చిన్నత్త మా ఇంటికొచ్చింది. అత్తగారు వెల్లకిలా పడుకుని ఉంది. గురక లేదు. నోరు కాస్త తెరిచి ఉంది. ఎడమకన్ను తెరిచి ఉంది, దాని పక్కనే ఈగ వాలింది. పిలిస్తే పలకలేదు. అంతే, చిన్నత్త గుండెలు బాదుకుంటూ, "అక్కా, నన్నొదిలి పోయావా" అని ఏడుపు లంకించుకుంది. మునగకాయల తగువు ఉన్నా ఏడుపులో ఆవిడ ఏం తక్కువ చెయ్యలేదు. పేటలో ఆడవాళ్ళంతా వచ్చి చేరారు.

నేను గట్టెక్కుతుంటే ఏడుపులు వినిపించాయి. మా ఇంటినుంచే అని తెలియగానే పరుగున వచ్చాను. బిందె గడప పక్కన దించి, లోపలికి పోయి, అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను.

చిన్నత్త అప్పటికే కన్ను మూసే పనిలో ఉంది. పోయినవాళ్ళ కళ్ళు తెరిచి ఉంటే మా పేటలో దగ్గరివాళ్ళు అరచేత్తో రెప్పలు కిందికి నిమిరి మూస్తారు. మూతపడకపోతే కోరికేదో మిగిలిపోయిందని లెక్క. మిగిల్చినవాళ్ళు ఎవరంటే, కొడుకూ కోడలూ. ఆవిడ నిమిరింది. రెప్ప కిందికొచ్చి, చెయ్యి తియ్యగానే మళ్ళీ పైకి పోయింది. మళ్ళీ నిమిరింది. మళ్ళీ పోయింది.

"కోరికుందమ్మా!" అన్నారు అందరూ.

ఆ కోరికేదో కనుక్కుందామని చిన్నత్త అత్తగారి చెవి దగ్గర వంగింది. కోరిక సరిగ్గా పేరు పెట్టి తీరుస్తామంటే కన్ను మూతపడుతుందని ఆవిడ నమ్మకం.

"అక్కా, ఇంట్లో ఇన్ని చీరలు నేసి అమ్ముకున్నారు, నీకొక్క మంచి చీర కట్టించలేదు నీ కొడుకు. చీర కోసం చూస్తున్నావా?" నిమిరింది. తెరుచుకుంది.

"మనవడి కోసమా?" అందరూ నావైపు చూశారు. నిమిరింది. తెరుచుకుంది.

"కాశీకి పోలేదనా?" తెరుచుకుంది.

"మునక్కాయలు కావాలా అక్కా? అన్నీ నీవే, కొమ్మ కూడా నీదే." ఈసారి రెప్ప కాస్త ఆలస్యంగా తెరుచుకున్నట్టు నాకనిపించింది.

చిన్నత్త ఆలోచించి, కళ్ళు తుడుచుకుని, "కోడల్ని ఇంకా నాలుగు తిట్టాలనుందేమో" అంది.

"అదే అయ్యుంటుంది" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

అప్పుడు కుడికన్ను కూడా తెరుచుకుంది.

"మీ నోళ్ళు పడ! ప్రాణం ఉన్న మనిషిని పడుకోనివ్వరా?" అంటూ లేచి కూర్చుంది. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ వాకిట్లోకి పరుగెత్తారు. చిన్నత్త ఏడుపుకే ఆవిడకి మెలకువ వచ్చిందట. తను పోతే పేట ఏమనుకుంటుందో విందామని ఊపిరి బిగబట్టుకుని పడుకుందట. చిన్నత్త గుమ్మంలో నిలబడి, "కొమ్మ సంగతి నేను ఏడుపులో అన్నానక్కా, లెక్కలోకి రాదు" అని చెప్పి మరీ వెళ్ళింది.

అందరూ పోయాక అత్తగారు గడప పక్కన బిందె చూసింది.

"ఏమే, నేను పోయాననే ఏడ్చావా?"

"అవునత్తయ్యా."

"బిందె దించి ఏడ్చావు."

నాకు అర్థం కాలేదు.

"నిజంగా దిగులైతే చేతిలో బిందె జారి పడుతుంది. చూడు, నిండా నీళ్ళున్నాయి. చిన్న సొట్ట కూడా పళ్ళేదు."

బిందె మీద జాగ్రత్త నేర్పింది ఆవిడే. సొట్ట పడితే ఆ వారం అంతా అదే పురాణం చదివేది. దించినందుకు ఇప్పుడు ఇది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నా ప్రేమ కొలవాల్సి వచ్చినప్పుడల్లా ఆ బిందె మాట ఎత్తేది.

కానీ ఆ మధ్యాహ్నం తర్వాత ఆవిడకి నిద్ర సరిగ్గా పట్టలేదు. మా ఆయన సంగతి తెలిసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా వాళ్ళమ్మ కోసం మంచి అంచుతో చీర మగ్గానికి ఎక్కించాడు. ఆవిడ వచ్చి అంచు వేళ్ళతో పట్టి చూసింది.

"నాకు చీర ఎందుకురా? రెప్ప కావాలి."

"అదేంటమ్మా?"

"రేపు నిజంగా పోతాను. కన్ను ఇట్టాగే ఉంటుంది. నువ్వెంత చేసినా, కోరిక తీర్చలేదనే అంటారు. ఆ పక్కింటిది చెవి కాడ కూర్చుని ఒక్కొక్క కోరికే పైకి అడుగుతుంది. నువ్వు తలెత్తుకు తిరగ్గలవా? నా కన్ను మూతపడాలి. అందాకా నాకు చావు కూడా లేదు."

కన్ను మండినప్పుడు ఒప్పుకోలేదు. చూపు మసకబారినప్పుడు ఒప్పుకోలేదు. కొడుకు మీద మాట పడుతుందంటే బెజవాడ బయల్దేరింది.

బొగ్గుతో నడిచే బస్సు. ఎక్కాల్సిన చోట ఎక్కి, దిగి తొయ్యాల్సిన చోట దిగి తోశాం. ఎదురుసీటులో తలపాగా పెద్దమనిషి ఒకాయన పామర్రు దాకా ఓర్చుకున్నాడు. ఆ తర్వాత, "ఏంటమ్మా, ఎక్కినకాణ్ణుంచి నన్నే చూస్తన్నావు, నేను నీకేమన్నా బాకీనా?" అని కేకలేశాడు. అత్తగారు గాఢనిద్రలో ఉంది. మా ఆయన వివరం చెప్పబోతే ఆయన వినకుండా, ఉయ్యూరులో బస్సు ఆగగానే ముందుసీటుకి మారిపోయాడు. అక్కడ కూర్చుని కూడా మాటిమాటికీ వెనక్కి తిరిగి, ఆ కన్ను తన వీపునే చూస్తోందని రూఢి చేసుకునేవాడు.

వన్ టౌన్‌లో మా చీరలు కొనే షావుకారు తన దుకాణం వెనక వరండాలో ఉండమన్నాడు. బట్టల మూటల మధ్య ఒక రోజు పడుకుని, మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి కళ్ళ డాక్టరు నెరిసిన జుట్టాయన, మాట తక్కువ. రెప్పని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ రెప్పని ఇంతలా ఎవరు లాగారమ్మా?"

"ముందు చేసిన డాక్టరు బాబూ" అంది అత్తగారు, తడుముకోకుండా. నేను గోడ మీద బల్లిని చూస్తున్నాను.

"కన్ను మూతపడక ఎండిపోతోంది. ఇలాగే వదిలేస్తే పువ్వేసి చూపు పోతుంది."

"చూపు సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు మూతపడేట్టు చెయ్యండి."

"మూతపడితే చూపు కూడా నిలుస్తుందమ్మా."

"నిలిస్తే నిలవనీండి, నేనొద్దంటానా?"

బిగుసుకుపోయిన మచ్చ విడదీసి రెప్పని కిందికి దించాలని, చాలని చోట చెవి వెనకనుంచి కాస్త చర్మం తీసి అతుకు వేయాలని ఆయన చెప్పాడు. అతుకు అన్న మాట వినగానే అత్తగారు నిటారుగా కూర్చుంది.

"రంగు కలుస్తుందా బాబూ?"

"మీ చర్మమే కదమ్మా. కొన్నాళ్ళకి కలుస్తుంది."

"మొదటే కలవాలి. కొన్నాళ్ళకి కలిసే అతుకు మా ఇళ్ళల్లో వెయ్యం. సరే, చెవి తోలు పెడితే కన్ను వింటుందా?"

డాక్టరు ఆవిడ మొహం వంక చూశాడు. "మీ కన్ను ఇప్పటికే ఇల్లంతా చూసుకుంటోందని మీ అబ్బాయి చెప్పాడు. వినడం కూడా దానికెందుకు?" అన్నాడు. ఆవిడకి నచ్చాడు.

ఆపరేషను మత్తు లేకుండా, కంటి చుట్టూ సూదిమందు ఇచ్చి చేశారు. పడుకోబెట్టిన దగ్గర్నుంచి ఆవిడ చెయ్యి రెప్ప మీదికి పోవడమే. నర్సు కిందికి దించితే మళ్ళీ పైకి. "ఎవరన్నా వచ్చి ఈవిడ చేతులు పట్టుకోండి" అని కేకేశారు. మా ఆయన ధైర్యంగా గుమ్మం దాకా వెళ్ళి, లోపల కత్తెర చూసి, గోడకి చేరబడి జారిపోయాడు. అతనికి మంచినీళ్ళు ఇమ్మని ఎవరికో చెప్పి నేను లోపలికి వెళ్ళాను.

అత్తగారి మొహం మీద గుడ్డ కప్పి, ఒక్క కన్ను మాత్రం వదిలారు. రెండు చేతులూ పట్టుకున్నాను. డాక్టరు పని చేసుకుంటూ చేసుకుంటూ ఒక చోట ఆగాడు. పట్కారుతో ఏదో మెల్లిగా బయటికి తీసి దీపం వెలుగులో పెట్టాడు. ఇంత పొడుగు పోగు. ఎర్రగా ఉంది.

"ఇది ఏ ఆసుపత్రి దారం?" అన్నాడు.

నేను అత్తగారి చేతులు ఇంకా గట్టిగా పట్టుకున్నాను. గుడ్డ కిందనుంచి గొంతు వినిపించింది.

"ఏదీ, ఇట్టా ఇవ్వండి."

డాక్టరు ఏమనుకున్నాడో, నర్సుకి సైగ చేశాడు. నర్సు ఆ పోగు తెచ్చి ఆవిడ వేళ్ళ మధ్య పెట్టింది. ఆవిడ బొటనవేలితో ఒకసారి నలిపి చూసింది.

"మా నూలే. రంగు దిగిందా బాబూ?"

"దిగలేదమ్మా."

"దిగదు. ఉడకేసినా దిగదు. ఇన్నాళ్ళు నెత్తుట్లో నానిందా, చూడండి, పోగు పురి కూడా వీడలేదు."

డాక్టరు, "ఎవరు కట్టారిది?" అన్నాడు.

"నేనే కట్టుకున్నాను. వదులుగా ఉంది మరి."

"మరి ఆ డాక్టరుని ఎందుకు తిడుతున్నారు?"

"ఆయన వదులుగా కట్టబట్టే కదా బాబూ నేను బిగించుకోవాల్సొచ్చింది!"

నాకు నవ్వు ఆగలేదు. పెదవి కొరుక్కున్నాను. నా చేతులు ఊగడంతో ఆవిడకి తెలిసిపోయింది. "నవ్వు, నవ్వు. ఒట్టు నువ్వు తప్పలేదు, అదొక్కటీ మెచ్చుకోవాలి" అంది.

డాక్టరు మళ్ళీ సూది తీసుకున్నాడు. "ఈసారి నేను బిగువు చూసే కడతాను. మీరు మళ్ళీ కట్టకండి."

"మీరు సరిగా కడితే నాకేం పని?"

ఆ మాట ఆయన నమ్మలేదు. అతుకు అంటుకునేదాకా రెండు కళ్ళకీ కట్టు కట్టి, చేతులు మంచం పట్టెలకి గుడ్డతో కట్టించాడు. నర్సు కట్టి అటు తిరిగేలోపు అత్తగారు ఒక చెయ్యి విప్పుకుంది. మళ్ళీ కడితే రెండోది విప్పుకుంది. పైగా, "అట్టా వేస్తే జారిపోతుందమ్మా, ఇటు నుంచి వెయ్యి" అని నర్సుకి ముడి నేర్పింది. ఈవిడకి ముడి పనికిరాదు, మనిషే కావాలని తేలిపోయింది. ఆ మనిషిని నేనే.

రోజంతా ఆవిడ చేతులు నా చేతుల్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. సాయంత్రాలు మా ఆయన వచ్చి కాసేపు పట్టుకునేవాడు. కాపరానికొచ్చిన ఇన్నాళ్ళలో ఆవిడ చెయ్యి నేను పట్టుకున్నది లేదు. పని అందించుకున్నామే గాని చెయ్యి పట్టుకున్నది లేదు. వేళ్ళ చివర్లు గరుకుగా, మధ్యలో మెత్తగా ఉన్నాయి. కళ్ళకి కట్టు ఉన్నా పెత్తనానికి లేదు. పక్కమంచం మనిషి అన్నం వదిలేసిందని, నర్సు చెప్పులు ఈడుస్తోందని, నేను ఆవులించానని చెప్పేది. మధ్యాహ్నం నిద్రపడితే మాత్రం ఆ వేళ్ళు ఊరుకునేవి కావు. నా పమిట కొస దొరికించుకుని, దారం లాగి, మెలివేసి, అతికేవి. నిద్రలో ఆ వేళ్ళు అలా తెగిన పోగు వెతుక్కుంటుంటే నాకు జాలేసింది. ఈవిడ జీవితంలో వదులుగా ఉన్నది ఏదీ అలా వదిలేసి ఎరగదు, పాపం, తన కన్ను కూడా వదల్లేకపోయింది అనుకున్నాను. ఆ రోజు మొదటిసారి ఆవిడంటే నాకు భయం పోయింది. తర్వాత మళ్ళీ వచ్చిందనుకోండి.

కట్టు విప్పారు. రెప్ప ఎర్రగా, వాచి, అతుకు వేసిన చోట కాస్త పాలిపోయి ఉంది. డాక్టరు, "మూయండి" అన్నాడు. మూసింది. రెప్ప మెల్లిగా, కొత్త తలుపులా బిగుసుకుంటూ, కింద దాకా వచ్చి ఆగింది. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మూతపడిందా?"

"పడిందమ్మా."

"అద్దం తెండి."

అద్దం తెచ్చారు. కుడికన్ను తెరిచి, మూసిన ఎడమకన్ను చూసుకుంది. సరిపోలేదు. "రెండూ మూసినప్పుడు ఇదెట్టా ఉంటుందో నాకెట్టా తెలుస్తుంది?" అంది. రెండూ మూసి, అద్దం ముందుకు మొహం చాపి, కాసేపు కూర్చుంది. ఏం కనిపిస్తుంది? డాక్టరు చెప్పాడు, నర్సు చెప్పింది, మేం చెప్పాం. ఎవర్నీ నమ్మలేదు. "ఈయన తన పని తను మెచ్చుకుంటాడు. మీరిద్దరూ ఇంటికి పోదామని తొందరలో ఉన్నారు" అంది.

బస్సు దిగి పేటలోకి రాగానే ఆవిడ మా ఇంటి గుమ్మం దాటి నేరుగా పక్కింటికి వెళ్ళింది. చిన్నత్త అరుగు మీద బియ్యం ఏరుకుంటోంది. అత్తగారు ఆ చేట పక్కకి జరిపి, అరుగు మీద వెల్లకిలా పడుకుని, చేతులు పొట్ట మీద పెట్టుకుని, రెండు కళ్ళూ మూసింది.

"చూడవే" అంది.

చిన్నత్తకి విషయం అర్థమైంది. వంగి, చాలాసేపు చూసింది. అటు నుంచి చూసింది, ఇటు నుంచి చూసింది. వేలితో రెప్ప పైకెత్తి వదిలి చూసింది. ఎక్కడన్నా సందు దొరికితే బావుండునని ఆవిడ మొహంలో ఆశ స్పష్టంగా కనిపించింది.

"మూసుకుందిలే అక్కా" అంది చివరికి. "అతుకు మాత్రం కనిపిస్తోంది."

అత్తగారు లేచి కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "దానికి నేనంటే పడదు. అది మూసుకుందంటే మూసుకున్నట్టే" అని మాకు చెప్పి, అప్పుడు మా గుమ్మం తొక్కింది.

ఇక మధ్యాహ్నాలు మాకు స్వేచ్ఛ వస్తుందనుకున్నాం. అది మా అమాయకత్వం. దొంగచావు రోజున ఆవిడొక పాఠం నేర్చుకుంది: కళ్ళు తెరిచి ఉంటే జనం జాగ్రత్తగా ఉంటారు, మూసుకుంటే మాట్లాడతారు. రెండు కళ్ళూ హాయిగా మూసుకుని, గురక కూడా కలిపి, మా మాటలన్నీ వినేది. సాయంత్రం లేచి ఒక్కొక్కటే బయటికి తీసేది. అటకమీది బెల్లం డబ్బా చప్పుడు కూడా ఆవిడకి వినిపించేది. డాక్టరు పెట్టిన చెవి తోలు మహిమేనని మా ఆయన నమ్మకం.

కొన్నేళ్ళు బతికింది. ఇద్దరు మనవళ్ళని ఎత్తుకుంది, మా ఆయన నేసిన చీర కట్టి చింపింది. కాశీకి పోలేదు, పోతానని అడగనూ లేదు. మునక్కాయల తగువు మాత్రం ఆగలేదు. నాతో మాటామాటా వచ్చినప్పుడల్లా, "నువ్వు బిందె దించిన మనిషివి" అనేది.

ఆవిడ పోయిన రోజు ఉదయం కాస్త ఆయాసంగా ఉందంది. కషాయం తాగి పడుకుంది. నీళ్ళు తెస్తానని నేను కాలువకి వెళ్ళాను. గట్టు దిగి మా వీధి మలుపు తిరుగుతుంటే చిన్నత్త ఏడుపు వినిపించింది. ఈసారి అందులో "అక్కా" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

నేను లోపలికి వెళ్ళేసరికి చిన్నత్త తల దగ్గర కూర్చుని ఉంది. అరచెయ్యి రెప్పల దాకా తీసుకెళ్ళి, అక్కడే ఆపి, వెనక్కి తీసుకుంది. నిమరాల్సిన పని లేదు. "రెండూ మూసుకుంది" అని అందరికీ వినబడేలా చెప్పింది. మా ఆయన మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు. తల ఎత్తే ఉన్నాడు. ఎవరూ ఏ కోరికా అడగలేదు.

నా పాదాలు తడిసి ఉన్నాయి. ఎందుకో నాకే తెలియలేదు. ఎవరో వెనకనుంచి బిందె తెచ్చి గడప దగ్గర పెట్టారు. వీధి మలుపులో పడి ఉందట, నీళ్ళన్నీ పోయాయట. దాని పొట్ట మీద నా పిడికిలి పట్టేంత సొట్ట.

ఆ బిందె ఎత్తుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. సొట్ట ఉన్న వైపు ఆవిడకేసి తిప్పాను. "చూడండత్తయ్యా" అన్నాను. ఆవిడ రెండు కళ్ళూ మూసుకునే ఉంది.